అంచులు కోసిన పుస్తకం

బైండరు చేతికి వచ్చిన ఏ పుస్తకమూ అంచులు కోయించుకోకుండా బయటికి పోదు. అది అతని పట్టింపు, అతని గొప్ప, చివరికి అతని ఖర్మ కూడా. చిరిగిన పుస్తకాన్ని విప్పి, మడతపెట్టిన కాగితాల ఫారాలు విడదీసి, అతుకులు వేసి, మళ్ళీ కుట్టించి, వెన్నుకి జిగురు పూసి ఆరబెట్టాక, అట్ట వేసేముందు దాన్ని కటింగ్ మిషను కింద పెట్టి చక్రం బిగిస్తాడు. పిడి పట్టుకుని లాగితే కత్తి దిగుతుంది. ఏళ్ళ తరబడి వేళ్ళు తగిలి నల్లబడిన అంచు వేలి మందాన తెగి, సన్నటి పేలికలై కింద గోనెసంచిలో పడుతుంది. తర్వాత కోసిన చోట బొటనవేలితో ఒకసారి నిమిరి, "ఇప్పుడు చూడండి, తలంటుకున్న పిల్లాడిలా లేదూ" అని పుస్తకం తెచ్చినవాళ్ళకి చూపిస్తాడు.

బడి పుస్తకాలు, ఆఫీసు రిజిస్టర్లు అన్నీ కుట్టేవాడు గాని, ఆ వీధిలో అతనికి పేరొచ్చింది మాత్రం ప్రార్థన పుస్తకాల వల్ల. పాత ప్రార్థన పుస్తకం మూసి, పక్కనుంచి ఒక్క చూపు చూస్తే చాలు, ఏ పేజీల దగ్గర అంచు నల్లబడిందో దాన్ని బట్టి ఆ ఇంటి సంగతి చెప్పేసేవాడు. రోగుల కోసం ప్రార్థన దగ్గర మాసి ఉంటే ఇంట్లో ఎవరో మంచం పట్టారు. ప్రయాణం చేసేవాళ్ళ కోసం దగ్గర మాసి ఉంటే పిల్లలెవరో దూరాన ఉన్నారు. కృతజ్ఞత పేజీలు మాత్రం ఎవరి పుస్తకంలోనూ పెద్దగా మాసేవి కావు. ఇది చెప్పి తనే నవ్వేవాడు.

ఇంత తెలిసినవాడు తను మాత్రం ఏనాడూ ప్రార్థనకి కూర్చోలేదు. నాస్తికుడేం కాదు. దేవుడంటే గౌరవం ఉంది, భయమూ ఉంది, తీరికే లేదు. ఎవరైనా కదిలిస్తే, "ఆయన పుస్తకాలు ఇన్ని కుట్టాను, నా హాజరు ఆయనే వేసుకుని ఉంటాడులే" అనేవాడు. విన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. అతని భార్య కూడా పెళ్ళయిన కొత్తలో నవ్వింది.

ఆవిడ రోజూ సాయంత్రం ఆరింటికి ముందుగది కిటికీ పక్కన కూర్చునేది. ఇరవై నిమిషాలు. ఒళ్ళో ఆవిడ ప్రార్థన పుస్తకం, చెవి వెనక చిన్న పెన్సిలు ముక్క. ఇంట్లో పాలు పొంగినా, వీధిలో కొట్లాట జరిగినా ఆ ఇరవై నిమిషాలు లేచేది కాదు. దుకాణం ఇంటికి రెండు వీధుల అవతల. మొదట్లో ఆవిడ పొద్దున్నే డబ్బాలో అన్నం సర్దుతూ అడిగేది, "ఇవాళ ఆరింటికి వస్తారా?" అని. బడి పుస్తకాల సీజన్ అయిపోనీ అనేవాడు. అది అయ్యేసరికి ఆఫీసు రిజిస్టర్లు వచ్చేవి. రిజిస్టర్లు అయ్యేసరికి లైబ్రరీ వాళ్ళు బస్తాలు దింపేవాళ్ళు. లైబ్రరీ పని తెమిలేసరికి మళ్ళీ బడులు తెరిచేవాళ్ళు. సంవత్సరానికి సీజన్ కాని నెల ఒకటి ఉంటుందని అతను నిజంగానే నమ్మాడు. ముప్పై ఏళ్ళు ఆ నెల కోసం చూశాడు.

ఆవిడ పుస్తకం గతీ అంతే. వెన్ను విరిగి, పేజీలు ఊడి, దాన్ని రిబ్బనుతో కట్టుకునేది. ఊరందరి పుస్తకాలూ కుట్టేవాడి ఇంట్లో పుస్తకం వరసలో చివరిది. ఇంటి మనిషి ఎక్కడికి పోతుందిలే అనుకునేవాళ్ళలో మన బైండరు మొదటివాడేం కాదు.

వానాకాలం మొదలవుతుండగా ఆవిడని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరు కాగితాలు అటూ ఇటూ తిప్పి, ఆవిడని బయట కూర్చోమని, ఇతనితో మెల్లగా చెప్పాడు. కడుపులో గడ్డ ముదిరిపోయింది, కోసి లాభం లేదు, దగ్గరుండి చూసుకోండి అన్నాడు. ఎన్నాళ్ళండీ అంటే, ఈ వానలు దాటితే సంతోషం అన్నాడు. బయటికొచ్చి ఆవిడకి ఏం చెప్పాలో తెలీక గొడుగు కోసం వెతుకుతున్నట్టు నటించాడు. ఆవిడే, "నాకు తెలుసులెండి, పదండి బస్సు పోతుంది" అంది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆవిడ మాట్లాడింది.

"ఏమండీ, రెండు అడుగుతాను. కాదనకండి."

"చెప్పు."

"నా పుస్తకం కుట్టివ్వండి. తెరిస్తే పేజీలు ఒళ్ళో రాలిపోతున్నాయి."

"కుడతాను. రెండోది?"

"సాయంత్రాలు నా పక్కన కూర్చోండి. నా కోసమని కాదు. నేను పోయాక మీరు ఎవరితో మాట్లాడతారు? ఆయనతో కాస్త ముందే పరిచయం ఉంటే మంచిది. అప్పుడు కొత్తగా వెళ్ళాలంటే మీకు మొహమాటం."

అతను టికెట్టు మడతలు పెడుతూ అన్నాడు, "ముందు పుస్తకం కుట్టేస్తాను. అది చేతిలో ఉంటే కూర్చోడానికి బాగుంటుంది."

రెండు అడిగితే తనకి చేతనైనది పట్టుకున్నాడు. ఇలాంటి మగవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, జాలీ వేస్తుంది. వాళ్ళకి ప్రేమ లేక కాదు. ప్రేమ ఉన్నంతసేపూ చేతులు ఏదో ఒకటి చేస్తూ ఉండాలి, ఖాళీగా కూర్చుంటే ఊపిరాడదు.

మర్నాడు ఆ పుస్తకాన్ని దుకాణానికి తీసుకెళ్ళి, బల్ల మీద ఉన్న పనంతా పక్కకి నెట్టాడు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఇంటి పుస్తకం వరసలో ముందుకొచ్చింది. దుకాణంలో ఫారాలు కుట్టే ఆవిడ ఒకరున్నారు. అతనికంటే పెద్దది, అతను అక్కా అనేవాడు, ఆవిడ తమ్ముడూ అనేది. ఆవిడకి ఆ రోజు జ్వరం. అందుకని కుట్టు కూడా తనే వేశాడు, గట్టి నార దారంతో, అయిదు ముళ్ళతో. వెన్నుకి సన్నటి గుడ్డ అంటించాడు. అట్టకి ముదురు నీలం కాలికో గుడ్డ, లోపలికి తెల్లటి అట్టకాగితం తీసి పెట్టుకున్నాడు. పనిలో మునిగి మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవనేలేదు.

పేజీల పక్క అంచుల్లో ఏదో గీతలు ఉండటం చూశాడు. చూడకపోవడం ఏం లేదు. కానీ నలభై ఏళ్ళుగా అతను పుస్తకాలని చూస్తున్నాడు గాని చదవడం లేదు. కాగితం పలచనా మందమా, మడత ఎటు తిరిగింది, ఎక్కడ చిరిగింది, అంతవరకే అతని చూపు. పెన్సిలు గీతలు అతనికి మాసిన మరకల్లోనే లెక్క. ప్రార్థన పుస్తకానికి అంచు మాయడం మామూలే, దాన్ని తీసేయడానికే కదా కత్తి ఉంది. ఆవిడకి అద్దంలాంటి పుస్తకం ఇవ్వాలనుకున్నాడు. చక్రం బిగించి, పిడి లాగాడు.

జ్వరం తగ్గి రెండు రోజుల తర్వాత వచ్చిన అక్క, గోనెసంచి సర్దుతూ ఒక పేలిక తీసి వెలుతురులో పట్టుకుంది.

"తమ్ముడూ, ఇదేం పుస్తకం? దీని మీద రాతుంది."

"ఏం రాత?"

"సగం సగం అక్షరాలు. ఎవరో అంచున రాసుకున్నారు. 'పాపకి జ్వ' అని ఉంది, అంతే."

బైండరు పేలిక తీసుకుని చూశాడు. చిన్న చిన్న గుండ్రటి అక్షరాలు. ఆ చేతిరాత అతనికి సరుకుల జాబితాల్లో తెలుసు. బల్ల మీద అట్ట బరువు కింద ఆరుతున్న నీలం పుస్తకాన్ని తెరిచాడు. ప్రతి పేజీ పక్కనా మిగిలిన సగం అక్షరాలు కనిపించాయి, సగానికి తెగి, ఏ మాటకీ తోక లేకుండా. ఆవిడ చెవి వెనక పెన్సిలు ఎందుకో అతను ఎప్పుడూ అడగలేదు.

స్టూలు లాక్కుని ఆ పేలికని ఒక్కో పేజీ పక్కన పెట్టి చూశాడు. అక్క మంచినీళ్ళు ఇచ్చింది. "వెళ్ళి చెప్పెయ్యి తమ్ముడూ. ఇవాళే చెప్పెయ్యి. ఆవిడ ఏమీ అనదు" అంది.

"ఏ మొహం పెట్టుకుని చెప్పనక్కా?"

"ఉన్న మొహం పెట్టుకునే."

చెప్పలేదు. ఇంటికి వెళ్ళగానే ఆవిడ, "అయిందా?" అంది. "జిగురు ఆరలేదు, వానలు కదా" అన్నాడు. అబద్ధం ఆడేటప్పుడు అతను చెప్పులు సర్దుకుంటాడు. ఆవిడకి అది తెలుసు.

మర్నాడు గోనెసంచి బోర్లించాడు. బడి పుస్తకాల పేలికలు, రిజిస్టర్ల పేలికలు, ఆవిడ పేలికలు అన్నీ కలగాపులగం. కాగితం రంగు బట్టి ఆవిడవి ఏరాడు. ఒక్కో పేలికని ఒక్కో పేజీ పక్కన పెట్టి, తెగిన అక్షరానికి అక్షరం కలిసిందాకా జరిపి, వెనక పలచటి కాగితం అంటించి, పైన బరువు పెట్టి ఆరనిచ్చేవాడు. రోజంతా ఒంగి కూర్చుంటే ఎనిమిది ఆకులు, కళ్ళు సహకరిస్తే పది. దాదాపు రెండువందల ఆకులు. అక్క వేళ్ళ మీద లెక్కవేసి చూసింది, మూడు వారాలు తక్కువ కాదు.

కూతురు సెలవు పెట్టి వచ్చి తల్లి దగ్గర ఉంది. ఇతను పొద్దున్నే దుకాణానికి పోయేవాడు, చీకటి పడుతుండగా వచ్చేవాడు. ఆరింటికి ఆవిడ పుస్తకం లేకుండానే కిటికీ పక్కన కూర్చునేది. పది రోజులయ్యాక కూర్చోలేక మంచం మీదే కళ్ళు మూసుకునేది.

ఆ పనిలో ఉండగా బైండరు మొదటిసారి ఒక పుస్తకం చదివాడు. ఆవిడ వారానికో మాట చొప్పున రాసుకుంటూ వచ్చింది. పెళ్ళయిన ఏడాది మొదటి పేజీలో ఉంది. ఇవన్నీ ఆవిడ దేవుడికి చెప్పుకున్న మాటలు.

ఒక చోట, "పాపకి జ్వరం తగ్గింది. నీకు తెలుసు, అయినా చెప్తున్నా." ఇంకో చోట, "పక్కింటావిడ మీద కోపం పోవట్లేదు. నేను ప్రయత్నిస్తున్నా, నువ్వూ ఓ చెయ్యి వెయ్యి." మరో చోట, "ఈయన మళ్ళీ ఆ చారల చొక్కాయే తొడుక్కుని వెళ్ళాడు. దీనికి నువ్వు కూడా ఏం చెయ్యలేవు." అది చదివి పైకే నవ్వాడు. నవ్వి, చొక్కా వంక చూసుకుని, కళ్ళు తుడుచుకున్నాడు.

నలభై మూడో పేజీ దగ్గర పేలిక అతికించి, ఆ పూట ఇంకో పేలిక ముట్టుకోలేకపోయాడు. "బాబు పోయాడు. నీతో మాట్లాడను." దాని కిందే, తర్వాతి వారం, ఒక్క మాట. "వచ్చాను." వాళ్ళకి కూతురి తర్వాత పుట్టి నాలుగు రోజులు ఉన్న పిల్లాడు. అప్పుడు తనేం చేశాడో బైండరుకి గుర్తుంది. మూడో రోజుకి దుకాణం తెరిచాడు. బడి పుస్తకాల సీజన్. ఆవిడ ఆ వారమంతా ఇంట్లో ఎవరితో పోట్లాడిందో, ఎవరితో రాజీ పడిందో అతనికి ఇప్పుడు తెలిసింది.

తన గురించి కూడా ఉంది. "ఈయన్ని ఒక్కరోజు నా పక్కన కూర్చోబెట్టు." మొదటి పేజీల్లో ప్రతి వారమూ అదే. "రేపు వస్తానన్నాడు, గుర్తు చెయ్యి." "ఇవాళా రాలేదు. పోన్లే, అలిసిపోయి ఉంటాడు." తర్వాత నెలకోసారి. తర్వాత ఏడాదికోసారి. నూట ఎనభయ్యో పేజీ దాటాక ఆ మాట మళ్ళీ కనపడలేదు. ఇంకో పేలికలో ఉంటుందేమో అని వెతికాడు. కూతురి చదువు ఉంది, అక్క మనవరాలి పెళ్ళి ఉంది, వీధిలో వాళ్ళ రోగాలన్నీ ఉన్నాయి. తన కోసం అడగడం మాత్రం ఆగిపోయింది. ఎందుకు ఆగిపోయిందో అతనికి తెలియలేదు. విసిగిపోయిందా? తనని వదిలేసుకుందా? ఆవిడ అడుగుతూ ఉన్నంతకాలం తనకోసం పైన ఎవరో మాట వేస్తున్నారన్న ధైర్యం ఒకటి తనకి తెలీకుండానే ఉండేదని, అది పోయాక గాని అర్థం కాలేదు.

ఈ సంగతి ఆవిడనే అడగాలి. అడుగుదాం, పుస్తకం పూర్తిచేసి చేతిలో పెట్టి, చేసిన తప్పు ఒప్పుకుని, అప్పుడు అడుగుదాం అనుకున్నాడు.

ఈలోగా అక్క ఉండబట్టలేక ఇంటికి వెళ్ళి ఆవిడకి అంతా చెప్పేసింది. తిరిగొచ్చి అతని బల్ల దగ్గర నిలబడింది.

"చెప్పేశాను తమ్ముడూ. తిట్టుకుంటే తిట్టుకో."

అతను జిగురు పూస్తూనే అడిగాడు, "ఏమంది?"

"నవ్వింది. రాసినవన్నీ ఆయనకి ఎప్పుడో చెప్పేశాను, కాగితం పోతే ఏంటి అంది. ఆ మనిషిని ఇంటికి రమ్మను అంది."

"ఇంకా ఇరవై ఆకులే ఉన్నాయక్కా. రెండు రోజులు."

"నీకు బుద్ధుందా? అక్కడ మనిషి అరిగిపోతుంటే ఇక్కడ కాగితాలు అతుకుతావా?"

"ఉత్త చేతుల్తో ఎలా వెళ్ళను?"

అక్క సూది గుచ్చి పెట్టి వెళ్ళిపోయింది, మర్నాడూ పనికి రాలేదు. అతను ఆ రెండు రోజులూ తలెత్తకుండా పని చేశాడు. చివరి ఆకుల్లో ఒక మాట వచ్చింది. "కడుపులో నొప్పి. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నీకు చెప్తున్నా." పేజీని బట్టి చూస్తే డాక్టరు చెప్పడానికి ఆర్నెల్ల ముందు. ఆ మాట దేవుడికి ఆర్నెల్ల ముందే తెలుసు, పక్క మంచం మీద పడుకున్న తనకి తెలీదు. దానికి జిగురు పూసి అతికిస్తే పేలిక రెండుసార్లు వంకరగా పడింది.

రెండో రోజు మధ్యాహ్నం నాలుగింటికి అయిపోయింది. అతుకులతో పుస్తకం ఒక పక్క ఉబ్బి, అట్ట సరిగ్గా మూతపడటం లేదు. నలభై ఏళ్ళలో అంత అనాకారి పని అతని చేతి నుంచి బయటికి రాలేదు. దాన్ని చొక్కా లోపల పెట్టుకుని వానలో ఇంటికి నడిచాడు. దారి పొడుగునా అడగాల్సిన మాట కూర్చుకుంటూ వెళ్ళాడు.

గుమ్మంలో కూతురు ఎదురొచ్చింది. మొహం చూస్తేనే తెలుస్తోంది.

"పొద్దున్నించీ మగత నాన్నా. మధ్యాహ్నం ఒక్కసారి కళ్ళు తెరిచింది. మళ్ళీ తెరవలేదు. డాక్టరు వచ్చి వెళ్ళాడు."

"కబురు పెట్టొచ్చు కదే."

"దుకాణంలో కుట్టు పని చేసే అత్తతో పెడదామంటే ఆవిడ పనికి పోవట్లేదట. నేను వదిలి రాలేను కదా."

"పుస్తకం అడిగిందా?"

కూతురు ఇటు తిరగకుండా చెప్పింది. "పుస్తకం అడగలేదు నాన్నా. మీ నాన్న వచ్చారా అంది."

లోపలికి వెళ్ళి మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పుస్తకం ఆవిడ చేతి కింద పెట్టాడు. చెయ్యి పట్టుకోలేదు. "ఇదుగో, తెచ్చాను" అన్నాడు. "అంచులు కోసేశానే. తెలీక కోశాను. మళ్ళీ అతికించాను, చూడు." ఆవిడ ఊపిరి పైకి లేచి, ఆగి, మళ్ళీ దిగుతోంది. "నీతో ఓ మాట అడగాలి" అన్నాడు. "నూట ఎనభయ్యో పేజీ తర్వాత నా గురించి అడగలేదు. ఎందుకు?" సమాధానం కోసం ఒంగి చెవి పెట్టాడు. ఊపిరి తప్ప ఏమీ లేదు.

ఆరయింది. ఎవరూ చెప్పకుండానే అతను అక్కడే ఉండిపోయాడు. ప్రార్థన ఎలా మొదలుపెట్టాలో తెలీక పుస్తకం తెరిచాడు. రోగుల కోసం ప్రార్థన ఎక్కడుంటుందో అతనికి కళ్ళు మూసుకున్నా తెలుసు, ఎన్ని వందల పుస్తకాల్లో మాసిన అంచు చూసి ఉంటాడు. తీసి రెండు వాక్యాలు చదివి ఆపేశాడు. అవి ఇంకెవరివో మాటల్లా ఉన్నాయి. ఆ సాయంత్రమంతా ఊరికే కూర్చున్నాడు. తెల్లవారాక, కూతురు ఆవిడ పెదవులు తడి గుడ్డతో తుడుస్తుండగా ఆవిడ ప్రాణం పోయింది.

వారం గడిచింది. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. కూతురు కూడా సామాను సర్దుకుంటోంది. సాయంత్రం బైండరు కిటికీ పక్కన కూర్చుని కూతుర్ని పిలిచాడు.

"మీ అమ్మ నా గురించి దేవుణ్ణి అడగడం ఎందుకు మానేసిందో నీకేమైనా చెప్పిందా?"

"నాకేం తెలుసు నాన్నా. నువ్వు అమ్మని అడగలేదా?"

"పుస్తకం అయ్యాక అడుగుదామనుకున్నాను."

కూతురు అక్కడ నిలబడలేక లోపలికి వెళ్ళిపోయింది. ఇక అడగడానికి ఎవరూ మిగల్లేదు, ఆవిడ ముప్పై ఏళ్ళు ఎవరితో మాట్లాడిందో ఆ ఒక్కడు తప్ప. తనకి అరవై నాలుగు. ఆ ఒక్కడి దగ్గరికి తనూ వెళ్ళాల్సిన రోజు ఎంతో దూరంలో లేదు. ఈలోగా తనని ఆయనకి పరిచయం చేయాల్సిన మనిషి ముందే వెళ్ళిపోయింది.

"నాకు మాట్లాడటం రాదు" అన్నాడు పైకే. గొంతు తనది కానట్టుంది. "ఆవిడ నన్ను ఎందుకు వదిలేసిందో నీకు చెప్పే ఉంటుంది. నాకు చెప్పు."

వాన తగ్గింది, ఎదురింటి వాళ్ళు అరుగు మీద తడిసిన చాప తీసి దులుపుకున్నారు. అతను మళ్ళీ అడిగాడు. ఆ మాట అడుగుతున్నప్పుడే మొదటిసారి ఏడుపొచ్చింది. ఆవిడ పోయిన రోజు రాలేదు, మట్టి చేసి వచ్చిన రోజు రాలేదు. చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకుని, ఏ పనీ చేయకుండా, ఏడ్చాడు. మర్నాడు సాయంత్రం ఆరు కాకుండానే దుకాణం మూసి వచ్చి అదే అడిగాడు. ఆ మర్నాడూ అదే. ఆవిడ బతికుండగా ఒక్కసారి ఇలా వచ్చి కూర్చుని ఉంటే, ఈ మాట ఆవిడనే అడిగేవాడు, ఆవిడ చెప్పేది కూడా.